పరాయి చక్రము

(తెలుగు సాంస్కృతిక సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



కారు పందెమనగానే పెట్రోలు వాసన, టైర్ల రాపిడి, ప్రేక్షకుల కోలాహలము జ్ఞప్తికి వచ్చును. నేటి ప్రసంగ విషయమైన పందెములో ఈ మూడింటిలో కడపటిది మాత్రమే కలదు. పందెగాడు కదలని కుర్చీలో కూర్చుండును. ఎదుట తెర, చేతిలో స్టీరింగు చక్రము, పాదముల క్రింద పెడళ్లు. కంప్యూటరు సృష్టించిన కారు తెరమీద గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగమున పరుగెత్తును. టైరు ఎంత వేడెక్కినది, ఎంత అరిగినది, ఇంధనము ఎంత తగ్గినది, మలుపులో బాటను ఏ మేరకు పట్టుకొన్నది అను లెక్కలన్నియు క్షణక్షణమును గణింపబడుచుండును. దీనికి సిమ్యులేటరు పందెమని పేరు. వాడుకలో సిమ్ రేసింగు అందురు.

బాలుర వీడియో ఆటను గూర్చి ఉద్యోగుల సభలో ప్రసంగమేల అని కొందరికి తోచవచ్చును. కాని ఈ ఆటలో ఒక పెద్ద ప్రశ్న దాగియున్నది. తన పనిముట్టుతో ఏండ్ల తరబడి సంపాదించిన నేర్పు పరాయి పనిముట్టు చేతికి వచ్చిన నాడు ఎంతవరకు నిలుచును? నిలువవలెనన్న ఏమి చేయవలెను? సముద్రము దాటి ప్రధాన భూభాగమునకు పోయి పరీక్షలు వ్రాయు బాలబాలికలు గల ఈ దీవులలో ఈ ప్రశ్న ఆటతో ముగియునది కాదు.

సిమ్యులేటరు పందెములు సాధారణముగ రెండు దశలలో జరుగును. మొదటిది ఇంటి దశ. నిర్వాహకులు ఒక బాటను, ఒక కారును నిర్ణయించి గడువు పెట్టుదురు. ఆ గడువులోపల ఎన్నిమార్లయినను ప్రయత్నించి, తన అత్యుత్తమ చుట్టు కాలమును నమోదు చేయవచ్చును. వేలమంది పాల్గొన్న పట్టికలో అగ్రభాగమున నిలిచిన కొలదిమందిని మాత్రము నిర్వాహకులు పిలిపింతురు. రెండవది వేదిక దశ. ఒక నగరములోని మండపమున, ప్రేక్షకుల యెదుట, నిర్వాహకులు అమర్చిన కుర్చీలో, నిర్వాహకులిచ్చిన చక్రముతో, నిమిషముల లెక్కన దొరకు అభ్యాసముతో అర్హత పోటీ జరుగును. సొంత చక్రమును వెంట తెచ్చుకొనుటకు ఇట్టిచోట్ల సాధారణముగ అనుమతి యుండదు. అందరికిని ఒకే పరికరము ఉండవలెనను న్యాయము ఒక కారణము. పరికరమును సమకూర్చిన సంస్థ ప్రచారము వేరొక కారణము.

ఈ క్రీడ చరిత్రను కొంత తెలిసికొనుట యుక్తము. 2008లో సోనీ, నిస్సాన్ సంస్థలు కలసి జి.టి. అకాడమీ అను పోటీని నెలకొల్పినవి. గ్రాన్ టురిస్మో అను ఆటలో నెగ్గినవారిని నిజమైన కారెక్కించి శిక్షణ నిచ్చుట దాని సంకల్పము. తొలి విజేతయైన స్పెయిన్ దేశీయుడు లూకాస్ ఒర్డోనెజ్ 2011లో ప్రసిద్ధమైన లె మాన్ 24 గంటల పందెమున తన తరగతిలో సహచరులతో కూడి ద్వితీయ స్థానము పొందెను. 2011లో సుమారు 90 వేలమందిని దాటి నెగ్గిన బ్రిటిష్ యువకుడు యాన్ మార్డెన్‌బరో 2013లో అదే పందెమున తన తరగతిలో తృతీయ స్థానము పొందిన జట్టులో నుండెను. ఆతని కథ 2023లో చలనచిత్రముగ వెలువడెను. 2014లో భారతదేశపు యువకులకు కూడ ఆ పోటీలో ప్రవేశము లభించెను. 2016తో ఆ అకాడమీ ముగిసినను, తెర ముందు అలవడిన విద్య నిజమైన రోడ్డుపై పనికివచ్చునని అది నిరూపించి పోయినది.

దీనికి ప్రతిగా నిజమైన చోదకులు తెర ముందుకు వచ్చుటయు కలదు. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్ సాగర తీరమున ఫార్ములా ఇ విద్యుత్ కార్ల పందెము జరిగెను. 2.83 కిలోమీటర్ల ఆ వీథి బాటపై అంతకుముందు అట్టి పందెము జరిగియుండలేదు. అందులో పాల్గొన్న జట్లు ముందుగ సిమ్యులేటరులో ఆ బాట నమూనాపై సాధన చేసియే వచ్చినవి. జాన్ ఎరిక్ వెర్న్ విజేత యయ్యెను. ఎన్నడును చూడని వీథులను చేతులకు పరిచయము చేయు సాధనమును ఆటబొమ్మ అని త్రోసివేయుట తగదు.

ఇక పరికరముల సంగతి. చూచుటకు చక్రములన్నియు గుండ్రనివే. లోపల యంత్రము వేరు. అల్ప వెల చక్రములలో మోటారు బలము పండ్ల చక్రముల ద్వారా చేతికి వచ్చును. కొంత మేలైన వానిలో బెల్టు ద్వారా వచ్చును. ఇంకను మేలైన వానిలో స్టీరింగు చక్రమును నేరుగ మోటారు ఇరుసునకే బిగింతురు. పండ్ల చక్రముల రకమునకు చెందిన లాజిటెక్ జి29 వంటి పరికరము సుమారు 2 న్యూటన్ మీటర్ల బలమును చేతికి చూపును. నేరుగ మోటారుకు బిగించిన ఫనాటెక్ జి.టి. డి.డి. ప్రో 5 న్యూటన్ మీటర్లను, అదనపు విద్యుత్ సరఫరాతో 8 న్యూటన్ మీటర్లను చూపును. రెండింటికి అలవాటుపడిన చేతికి ఎనిమిది తగిలినపుడు బండి ఎదురు తిరిగినట్లు తోచును. ఎనిమిదికి అలవాటుపడిన చేతికి రెండు తగిలినపుడు రోడ్డే మాయమైనట్లుండును.

బ్రేకు పెడలులో భేదము అంతకంటె తీవ్రమైనది. ఒక రకపు పెడలు పాదము ఎంత దూరము దిగినది అను దానిని కొలుచును. వేరొక రకపు పెడలు పాదము ఎంత బరువుతో నొక్కినది అను దానిని కొలుచును. మొదటి దానిలో సాధన చేసినవాని పాదము దూరమును గుర్తుంచుకొనును. రెండవ దానిలో చేసినవాని పాదము ఒత్తిడిని గుర్తుంచుకొనును. ఒకని పెడలు వేరొకనికి ఇచ్చినచో, మొదటి మలుపులోనే చక్రములు బిగుసుకొని కారు జారిపోవును, లేదా బ్రేకు చాలక కారు బాట దాటిపోవును. కుర్చీ ఎత్తు, పెడళ్ల దూరము, తెర పరిమాణము, చక్రము తిరుగు కోణము వీనికి తోడగును. శ్రేష్ఠులైన పందెగాండ్ర నడుమ తేడా సెకనులో పదవ వంతు, నూరవ వంతు. అట్టిచోట ఇంతటి మార్పు చిన్నది కాదు.

ఈ మార్పు ఛాంపియనులకును తప్పదు. 2018లో మొనాకోలో జరిగిన గ్రాన్ టురిస్మో తొలి ప్రపంచ తుది పోటీలో దేశముల విభాగమున బ్రెజిల్ యువకుడు ఇగోర్ ఫ్రాగా నెగ్గెను. నాటి వేదికలపై బెల్టుతో పనిచేయు థ్రస్ట్‌మాస్టర్ చక్రములుండెను. తరువాతి సంవత్సరములలో వాని స్థానమున ఫనాటెక్ వారి నేరుగ మోటారుకు బిగించిన చక్రములు వచ్చినవి. పాత చక్రముపై చేయి తిరిగినవారు సైతము మరల మొదటి పాఠమునకు రావలసి వచ్చెను.

ఈ విషయమునకు అండమాన్ నికోబార్ దీవులతో గల సంబంధమును ఇప్పుడు పరిశీలింపవలెను. 2020 ఆగస్టు 10వ తేదీన చెన్నైనుండి ఈ దీవులకు సముద్ర గర్భమున వేసిన కాంతితంతు కేబులు ప్రారంభమయ్యెను. దాని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు. నేడు శ్రీవిజయపురముగ పేరు మారిన పోర్టుబ్లెయిరుతో బాటు స్వరాజ్ ద్వీపము, లాంగ్ ఐలండు, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్ దానితో కలుపబడినవి. అంతకు పూర్వము ఈ దీవుల సమాచారము ఉపగ్రహములపై ఆధారపడియుండెను.

భూస్థిర ఉపగ్రహము భూమికి సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున నుండును. ప్రశ్న పోయి జవాబు వచ్చుటకు సంకేతము ఆ దూరమును నాలుగు మార్లు దాటవలెను. కాంతి వేగమున పోయినను దాదాపు అర సెకను పట్టును. గంటకు 200 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఆ అర సెకనులో 27 మీటర్లకు పైగ ముందుకు పోవును. ప్రక్కనున్న ప్రత్యర్థి కారు 27 మీటర్ల వెనుక ఎక్కడనో యున్నట్లు తెరపై కనబడినచో పందెమెట్లు సాగును? కేబులులో పూర్తి 2,300 కిలోమీటర్లు దాటుటకైనను కాంతికి సెకనులో వేయింట పండ్రెండు వంతులు చాలును. ఒంటరిగ కాలము నమోదు చేయు పోటీకి ఉపగ్రహము అడ్డు కాదు. కాని ప్రత్యర్థులతో చక్రము ప్రక్క చక్రముగ పరుగెత్తు పందెమునకు కేబులు అవసరము. ఆ విధముగ 2020లో ఇంటి దశ తలుపు ఈ దీవుల యువకులకు బాగుగ తెరుచుకొన్నది.

కాని వేదిక దశ తలుపునకు కేబులు చేరదు. పోటీ జరుగు చోటికి మనిషియే పోవలెను. చెన్నైకి గాని, విశాఖపట్టణమునకు గాని సముద్రముపై సుమారు 1,200 కిలోమీటర్లు. మహానగరములోని యువకుడు ఒక ఆదివారమున మిత్రుని ఇంట ఒక చక్రమును, వచ్చు ఆదివారమున అద్దె కేంద్రమున వేరొక చక్రమును పట్టి చూడగలడు. దీవి యువకునకు అది అంత సులభము కాదు. ఒకే చక్రము, ఒకే కుర్చీ, ఒకే మేజా. సాధన గంటలు ఇద్దరికిని సమానమే కావచ్చును. సాధనలోని వైవిధ్యము సమానము కాదు.

ఇక్కడ న్యాయమును గూర్చి ఒక మాట. అందరికిని ఒకే పరికరము ఇచ్చితిమి గనుక పోటీ సమానమైనదని నిర్వాహకులు చెప్పుదురు. అది సగము సత్యము. ఆ పరికరము ఇంట గలవానికి వేదిక పుట్టినిల్లు. ఎన్నడును తాకనివానికి పరాయి ఊరు. ప్రభుత్వోద్యోగులకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. పూర్వము టైపు పరీక్షకు అభ్యర్థులే తమ టైపు యంత్రములను మోసుకొనిపోవలసిన రోజులుండెడివి. బరువు మోయుట కష్టమే. కాని ఏ అక్షరపు మీట గట్టిదో, ఏది తేలికయో వ్రేళ్లకు తెలిసియుండెను. తరువాత పరీక్షా కేంద్రమున అమర్చిన కంప్యూటరు వచ్చినది. మోత తప్పినది, పరిచయమును తప్పినది. ఇంట నిమిషమునకు నలుబది మాటలు కొట్టినవాడు పరాయి మీటల పలకపై మొదటి నిమిషమున తడబడుట చూచినవారు అనేకులు.

పరాయి సాధనమును చేతికిచ్చు పోటీ క్రీడాలోకమున కొత్తదియు కాదు. ఆధునిక పెంటాథ్లాన్ అను ఒలింపిక్ క్రీడలో చిరకాలము ఒక నియమముండెను. పోటీదారుడు చీటీ పద్ధతిలో వచ్చిన, తాను ఎన్నడును ఎక్కని గుర్రముపై అవరోధములను దాటవలెను. పరిచయమునకు ఇచ్చు వ్యవధి ఇరువది నిమిషములు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో అగ్రస్థానమున నున్న జర్మనీ క్రీడాకారిణి అన్నికా ష్లాయ్ తనకు వచ్చిన గుర్రము మొరాయించుటచే పతకమునకు దూరమయ్యెను. ఆమెకును దుఃఖమే, గుర్రమునకును హింసయే అని లోకము కలతచెందెను. 2024 పారిస్ ఒలింపిక్సు తరువాత ఆ క్రీడనుండి గుర్రపుస్వారీని తొలగించి అవరోధముల పరుగును చేర్చిరి. పరాయి సాధనముతో పోటీ పెట్టువారికి పరిచయపు వ్యవధి విషయమున ఎంత బాధ్యత గలదో ఈ ఉదంతము తెలుపును.

సిమ్యులేటరు లోకమునకు చెందిన ఉదాహరణ వేరొకటి. 2017 జనవరి 7వ తేదీన అమెరికాలోని లాస్ వేగాస్ నగరమున పది లక్షల డాలర్ల బహుమాన నిధితో ఒక పందెము జరిగెను. ఇండ్లనుండి అర్హత పొందిన పదిమంది, ఫార్ములా ఇ చోదకులు ఇరువదిమంది ఒకే వేదికపై తలపడిరి. గీతను మొదట దాటినవాడు ఫిన్లండు దేశీయుడు ఒల్లీ పాకలా. కాని కంప్యూటరు క్రమములోని లోపముచే ఆతని కారునకు అదనపు శక్తి నియమమును మించి లభించెనని తేలి, పండ్రెండు సెకనులు శిక్షగ కలుపబడినవి. ప్రథమ బహుమానమైన రెండు లక్షల డాలర్లు డచ్చి దేశీయుడు బోనో హౌస్‌కు దక్కెను. చోదకుని దోషము లేకయే ఫలితము తారుమారు కావచ్చును. కావున వేదిక పరికరముపై నమ్మిక యుంచుటతో బాటు దానిని పరీక్షించుటయు పందెగాని విధియే.

ఈ దీవుల బిడ్డలు పరాయి బాటపై ఏమి సాధింపగలరను దానికి ఉదాహరణకై దూరము పోనక్కరలేదు. కార్ నికోబార్‌కు చెందిన ఎసో ఆల్బెన్ సైకిలు పందెగాడు. ఢిల్లీలోని ఇందిరాగాంధీ స్టేడియములో 250 మీటర్ల చెక్క బాటపై జాతీయ శిబిరమున శిక్షణ పొందెను. 2018 ఆగస్టులో ప్రపంచ జూనియర్ పోటీలు స్విట్జర్లండులోని ఎగ్ల్ పట్టణమున జరిగినవి. అచ్చటి బాట చుట్టుకొలత 200 మీటర్లే. బాట చిన్నదైనకొలది మలుపులు త్వరత్వరగ వచ్చును. ప్రత్యర్థిని దాటుటకు నేరు దారి తక్కువ. ఎప్పుడు విజృంభింపవలెనను లెక్క మారును. సైకిలు తనదే, బాట పరాయిది. అట్టి బాటపై ఆ యువకుడు కీరిన్ అను పందెమున రజత పతకము గెలిచెను. స్వర్ణమునకును ఆతనికిని నడుమ తేడా 0.017 సెకను. మరుసటి సంవత్సరము జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ (ఓడర్) పట్టణమున రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్‌లతో కూడి జట్టు స్ప్రింటున ప్రపంచ జూనియర్ స్వర్ణమును సాధించెను. 2004 సునామీనుండి చెట్టును పట్టుకొని ప్రాణము దక్కించుకొన్న కార్ నికోబార్ బాలిక డెబొరా హెరాల్డ్ అంతర్జాతీయ సైకిలు బాటలపై భారతదేశమునకు ప్రాతినిధ్యము వహించుటయు ఈ దీవులకు తెలిసిన గాథయే. దూరము పెద్ద ఆటంకమే, కాని దాటరానిది కాదు.

ఈ విద్య రహస్యము తెలుగువారికి భారతములోనే లభించును. నలమహారాజు కథ అందరును ఎరిగినదే. కర్కోటకుని కాటుచే రూపము మారి, బాహువులు పొట్టివై, బాహుకుడను పేర ఋతుపర్ణుని కొలువున చేరెను. దమయంతి ద్వితీయ స్వయంవర వార్త రాగా ఒక్క దినములో విదర్భకు చేరవలసి వచ్చెను. రథము తనది కాదు. గుర్రములు తనవి కావు. కడకు దేహము సైతము తనది కాదు. అయినను ఆతడు తొందరపడి రథమెక్కలేదు. గుర్రములను నిదానముగ పరీక్షించి, చూచుటకు బక్కచిక్కినవైనను లక్షణము గలవానిని ఏరుకొనెను. రాజు శంకించినను చలింపలేదు. ఆపైని వేగము ఎట్టిదనగా జారిన ఉత్తరీయమును తీసికొందమని రాజు పలుకులోపల రథము ఆమడ దాటిపోయెను. నలునకు తెలిసినది ఒక గుర్రము కాదు, అశ్వహృదయము. ఒక చక్రమును ఎరిగినవాడు ఆ చక్రము ఉన్నంతవరకే పందెగాడు. టైరు బాటను ఎట్లు పట్టుకొనును, బరువు ముందుకెట్లు ఒరుగును, పట్టు తప్పుటకు ముందు కారు ఏ సూచన నిచ్చును అను హృదయమును ఎరిగినవాడు ఏ చక్రముతోనైనను పందెగాడే.

ఆ హృదయమును ఒకే చక్రముగల ఇంట ఎట్లు సాధింపవచ్చును? ఉపాయము కలదు. పరికరము ఒకటే యైనను దాని అమరికలు అనేకము. ఒకనాడు చక్రపు బలమును సగమునకు తగ్గించి, మరునాడు పూర్తిగ పెంచి తోలవలెను. కుర్చీని రెండంగుళములు ముందుకు, వెనుకకు జరిపి తోలవలెను. బ్రేకు పెడలు వెనుక మెత్తని రబ్బరు ముక్క పెట్టి ఒకనాడు, తీసి ఒకనాడు తోలవలెను. చక్రము తిరుగు కోణమును మార్చవలెను. ఇట్లు చేసిన దినములలో చుట్టు కాలము పెరుగును, పెరుగనిండు.

అన్నిటికంటె ముఖ్యమైనది కొలత మార్చుకొనుట. ఇంటి దశలో పట్టికకు కావలసినది నూటికొక్కమారు కుదిరిన చుట్టు. వేదికపై అన్ని చుట్లు దొరకవు. కావున అమరిక మార్చిన ప్రతిదినమును మూడవ చుట్టు కాలమును పుస్తకములో వ్రాసికొనవలెను. నూరవ చుట్టులో ఎంత వేగమో అనునది శ్రమకు కొలత. మూడవ చుట్టులో ఎంత వేగమో అనునది సర్దుబాటుకు కొలత. నెల దినములలో మూడవ చుట్టునకును ఉత్తమ చుట్టునకును గల అంతరము తగ్గుచున్నచో ఆ యువకుడు వేదికకు సిద్ధమగుచున్నాడన్న మాట.

వేదికకు చేరిన పిమ్మట మొదటి పది నిమిషములు అమూల్యములు. కొందరు కూర్చున్న క్షణమునుండియే వేగమునకై పోరాడుదురు, అది పొరపాటు. మొదట కుర్చీ. మోచేయి కొంచెము వంగి, పాదము పెడలును పూర్తిగ నొక్కగలిగినట్లు జరుపుకొనవలెను. పిమ్మట బ్రేకు. నిలిచియున్న కారులోనే పెడలును పూర్తిగ నొక్కి, తెరమీది గీత నిండినదా లేదా చూడవలెను. నిండనిచో పోటీ ఆరంభమునకు ముందే పర్యవేక్షకునకు చెప్పవలెను. పోటీ ముగిసిన పిమ్మట చెప్పినది ఫిర్యాదు కాదు, సాకు అనిపించుకొనును. పిమ్మట చక్రము. ఎడమకు, కుడికి పూర్తిగ త్రిప్పి కోణమును గ్రహింపవలెను.

మొదటి చుట్టున ప్రతి మలుపునకును అలవాటుకంటె ముందుగ బ్రేకు వేయవలెను. ముందుగ వేసినవాడు తరువాతి చుట్టులో దూరమును కొంచెము కొంచెముగ తగ్గించుకొనగలడు; ఆలస్యముగ వేసినవాడు బాట దాటి గోడను తాకును, నేర్చినది సున్న. రెండవ చుట్టున పాదము మాటను మాత్రమే వినవలెను. మూడవ చుట్టున చేతుల మాట. ఏదేని అమరిక మార్చవలసి వచ్చినచో ఒకమారు ఒక్కటే మార్చవలెను. రెండు మార్చినవానికి మేలు దేనివలన కలిగెనో, కీడు దేనివలన కలిగెనో తెలియదు. అర్హత కాలము నమోదగునపుడు ముందుగ ఒక క్షేమమైన చుట్టును పట్టికలో వేసికొని, ఆ పిమ్మట సాహసింపవలెను. బ్యాంకులో కొంత వేసి, మిగిలిన దానితో వ్యాపారము చేయు గృహస్థుని నీతియే ఇది.

నిర్వాహకులకును ధర్మములు కలవు. ఏ చక్రము, ఏ పెడలు, ఏ అమరిక అను వివరమును పిలుపు లేఖలోనే ప్రకటింపవలెను. దూరప్రాంతములనుండి వచ్చువారికి పోటీకి ముందుదినమున పరిచయ వ్యవధి నీయవలెను. అదనపు పరికరమును సిద్ధముగ నుంచవలెను. యంత్రలోపము సంభవించినచో ఏమి చేయుదురో ముందే వ్రాతమూలకముగ తెలుపవలెను. ఇవి దయతో ఇచ్చు రాయితీలు కావు. సమానత్వమను మాటకు మిగిలిన సగము సత్యము.

తలిదండ్రుల సందేహమునకు కూడ సమాధానము చెప్పవలసియున్నది. 2022 డిసెంబరులో భారత ప్రభుత్వము ఈ-స్పోర్ట్స్‌ను బహుక్రీడా పోటీలలో భాగముగ గుర్తించెను. 2025 ఆగస్టులో ఆమోదము పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టము డబ్బు ఒడ్డి ఆడు ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వానినుండి వేరుపరచి గుర్తించెను. కనుక నైపుణ్యముతో ఆడు పందెమును జూదముతో కలిపి చూచుట తగదు. అయినను, ఇందులో జీవిక దొరకువారు లోకమంతటను కొలదిమందియే. చదువును మానిపించునది ఏదియు క్రీడ కాదు. సాయంకాలమునకు ఒక గంట, పుస్తకములో మూడవ చుట్టు కాలము, పెద్దల కనుసన్న—ఈ మూడును గల ఇంట ఈ ఆటవలన హాని లేదు.

క్రీడా పరికరము ఒక్కొక్క కుటుంబమునకు భారమే. నలుగురు కలసి ఒక చక్రమును, వేరొక నలుగురు వేరు రకపు చక్రమును కొని, నెలకొకమారు మార్చుకొన్నచో ఖర్చు పెరుగకయే వైవిధ్యము పెరుగును. ఒక ఇంటి కుర్చీ వేరొక ఇంటి బాలునకు పరాయిదే గదా! దీవిలో లేని వేదికను ఇరుగుపొరుగు ఇండ్లే సృష్టింపగలవు. పండుగలకు పిండివంటలు పంచుకొను తెలుగు కుటుంబములకు ఈ పంపకము కష్టమైనది కాదు.

బదిలీ ఉత్తర్వు చేతబట్టి, ఎరుగని ఊరిలో, ఎరుగని మేజా ముందు, ఎరుగని దస్త్రములు విప్పి, వారము తిరుగకముందే పని చక్కబెట్టినవారు ఈ సభలో ఎందరో కలరు. వారు వెంట తెచ్చుకొన్నది పాత మేజాను కాదు, పని హృదయమును. బిడ్డలకు ఈయదగిన ఆస్తియు అదియే. పరాయి చక్రము ఎప్పుడును పరాయిదే. దానిపై మొదటి మూడు చుట్లలో చూపు నిదానము మాత్రము సొంతము.

శుభమ్.